పరీక్ష డబ్బాలో ముప్పై సీసాలు

లాల్‌గడి మలక్‌పేట్‌లో బస్టాండు వెనక గల్లీలో ప్రియాంకకు కళ్ళు పోయాయన్న మాట నెలరోజులుగా తిరుగుతోంది. ఒకామె రెండూ పోయాయంటుంది, ఇంకొకామె ఎడమది మాత్రమే అంటుంది. కంపెనీలో ఏదో మందు చిమ్మి కంట్లో పడిందని, వాళ్ళు గుట్టుగా ఆస్పత్రిలో చూపించి ఇంటికి పంపేశారని కిరాణా కొట్టు దగ్గర చెప్పుకున్నారు. ఎవరో పిల్ల గల్లీలో నిలబడి శాపం పెట్టింది, అది తగిలింది అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈ మాట మేడ్చల్ దాకా వెళ్ళి ప్రియాంక ఆడబిడ్డ చెవిన పడింది. ఆమె ఏడుస్తూ ఫోన్ చేసిందంటే ఎంత దూరం పాకిందో చూడండి.

ఇందులో నిజం కొంత ఉంది. ప్రియాంక కంటి ఆస్పత్రికి వెళ్ళింది. వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకుని, ఆటో దిగి, మొగుడు శ్రీశైలం భుజం పట్టుకుని నడిచింది. ఎదురింటి బాలనర్సమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. ఆస్పత్రిలో కంట్లో చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు వెలుతురు చూడలేమన్న సంగతి బాలనర్సమ్మకు తెలియదు. తెలియకపోతే అడగవచ్చు. కాని ఈ గల్లీ గుణం ఒకటుంది, ఒక మనిషి సంగతి కావాలంటే ఆ మనిషిని తప్ప అందరినీ అడుగుతారు.

కనుక జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ప్రియాంకకూ మంచిది, ఆమె మీద జాలిపడి అలసిపోయినవాళ్ళకూ మంచిది.

ప్రియాంక భిక్షం, ఐలమ్మల పెద్దబిడ్డ. భిక్షం శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. ఐలమ్మ వాటిని గంపకెత్తుకుని కొత్త లేఅవుట్లలో ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. ప్రియాంక ఇంటర్ బైపీసీ పాసై డిగ్రీలో చేరింది. అప్పుడే ఊరికి దగ్గర్లోని సూదిమందుల కంపెనీలో ఆడపిల్లలు కావాలన్నారు. ఆర్నెల్లు చేసి మళ్ళీ చదువుకుందామని చేరింది. తొమ్మిదేళ్ళయింది. ఈలోగా శ్రీశైలంతో పెళ్ళయింది, బిడ్డ పుట్టి రెండో తరగతికి వచ్చింది, ఊరి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. కంపెనీలో ప్రియాంక కూర్చునే స్టూలు మాత్రం మారలేదు.

ఆమె పని చూడడం. మందు నింపిన చిన్న సీసాలు వరుసగా వస్తుంటాయి. ఎదురుగా సగం తెల్ల పలక, సగం నల్ల పలక, పైన దీపం. సీసాను మెడ దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పి తెల్లదాని ముందు ఐదు సెకన్లు, నల్లదాని ముందు ఐదు సెకన్లు చూడాలి. నల్ల నలుసు తెల్లదాని ముందు బయటపడుతుంది. గాజుముక్క, నూలుపోగు నల్లదాని ముందు మెరుస్తాయి. బుడగ పైకి పోతుంది, గాజు కిందికి దిగుతుంది. ఆ దిగేదాన్ని పట్టుకోవాలి. అరగంటకోసారి కళ్ళకు విరామం ఇస్తారు. గాజులు, బొట్టు, కాటుక ఏవీ ఉండకూడదు. తొమ్మిదేళ్ళయినా ఐలమ్మకు బొట్టు లేకుండా బస్సు దిగే బిడ్డను చూస్తే మనసొప్పదు. నలుగురిలో ఏమీ అనలేక తన నుదురు తాను తడుముకుని చూపిస్తుంది.

కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పేది కూడా ప్రియాంకే. ఆ నేర్పే పనికి కాగితం మీద పేరు లేదు, పక్కన కూర్చోబెడితే నేర్పుతుంది అంతే. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇద్దరు సూపర్‌వైజర్లయ్యారు. ఇషిత అయితే ఆఫీసరే అయింది. ఇషితది శామీర్‌పేటలో భూములున్న కుటుంబం, ఎమ్మెస్సీ చదివింది. వచ్చిన కొత్తలో పదిహేను రోజులు ప్రియాంక పక్కన కూర్చుని సీసా తిప్పడం నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల సంతకం పెడితే తప్ప ప్రియాంక ట్రే కదలదు. ఇషిత మంచిదే. ఇప్పటికీ "అక్కా" అనే పిలుస్తుంది. ప్రియాంక లైనులో "మేడం" అంటుంది, అని వెంటనే ఇంకో సీసా అందుకుంటుంది.

ఏటా ఏప్రిల్‌లో ప్రమోషన్ల జాబితా గోడకు అంటిస్తారు. ప్రియాంక రెండేళ్ళు దగ్గరికి వెళ్ళి చూసింది, తరవాత దూరం నుంచి చూసింది, పోయినేడు అటు తిరగనే లేదు. ఎవరినైనా అడుగుదామంటే ఏమని అడగాలో ఆమెకే తెలియదు. పెద్ద కుర్చీ కావాలా, జీతం పెరగాలా, ఆ దీపం ముందు నుంచి లేస్తే చాలా? బస్సులో కిటికీకి తల ఆనించి ఇదే ఆలోచించేది. దిగే స్టాపు వచ్చేది, జవాబు వచ్చేది కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. కొత్త పిల్లలు లైను మీద కూర్చునే ముందు ఒక పరీక్ష గట్టెక్కాలి. దానికి రెండు వందల సీసాలున్న డబ్బా ఒకటుంది, అందరూ పరీక్ష డబ్బా అంటారు. అందులో నూట డెబ్బై మంచివి, ముప్పై చెడ్డవి. ఇరవై ఎనిమిదైనా పట్టుకోవాలి, గాజుముక్క ఉన్నది ఒక్కటీ వదలకూడదు. రెండుసార్లు తప్పితే ఆ పిల్ల మరునాడు కంపెనీ బస్సు ఎక్కదు.

చెడ్డ సీసాలు ఏళ్ళ తరబడి లైనులో దొరికినవాటిలోంచి దాచినవి. మంచివి తరవాత ఒకేసారి తెచ్చి కలిపినవి. సీసాకు నీలం మూత ఉంటుంది, లైనులో దాన్ని టోపీ అంటారు. పాత సీసాల టోపీలు దీపాల కింద ఉండి ఉండి రవ్వంత వెలిసిపోయాయి. పక్కపక్కన పెట్టి చూసినా మామూలు కంటికి ఆనదు. ప్రియాంక కంటికి రెండో ఏడే ఆనింది.

ఆమె దాన్ని పైవాళ్ళకు చెప్పలేదు. ఒకనాడు స్వరూప అనే పిల్ల మొదటిసారి పరీక్ష తప్పి, బాత్రూం గోడకు ఆనుకుని ఏడుస్తూ కనిపించింది. తండ్రి లేడు, ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే సంపాదించేది. ప్రియాంక ఆ పిల్ల చెవిలో "టోపీ చూడు" అంది. స్వరూప గట్టెక్కింది. తరవాత ఇంకొకామె, ఆ తరవాత ఇంకొకామె. ఐదేళ్ళలో పదకొండు మంది. ప్రియాంకకు అది తప్పనిపించలేదు. ముందు పరీక్ష దాటిస్తే అసలు పని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పవచ్చనుకుంది. నేర్పింది కూడా. వాళ్ళు నేర్చుకున్నారనే అనుకుంది.

ఆగస్టులో ఒక సోమవారం టీ విరామంలో ఇషిత చేతిలో కాగితం పట్టుకుని వచ్చింది.

"అక్కా, ట్రైనర్ పోస్టు పడ్డది. లోపలోళ్ళకే ఇస్తరంట. డిగ్రీ అడుగుతలేరు."

"గీ మాట పోయినేడు గూడ అన్నరు మేడం."

"పోయినేడు నోటిమాట. గిప్పుడు కాగితం. ఇగో, ప్రతాప్ సార్ సంతకం సుత ఉన్నది. శుక్రవారం సార్ ముందట ఒక కొత్త పిల్లను పరీక్ష పాస్ చేపియ్యాలె, గంతే. నువ్వు గాకపోతే ఎవలు చేస్తరు చెప్పు."

ప్రతాప్ క్వాలిటీ విభాగానికి పెద్ద. ఆయన సంతకం ప్రియాంక గుర్తుపట్టగలదు. కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జాకెట్టులో పెట్టుకోబోయి, అది కంపెనీ కాగితమని గుర్తొచ్చి తిరిగి ఇచ్చేసింది.

ఇంట్లో చెబితే శ్రీశైలం అన్నం తింటూ ఆగాడు. అతడు లేఅవుట్లకు నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు.

"కుర్సీ ఇస్తరా?"

"టేబుల్ గూడ ఇస్తరంట."

"అయితే ఇగ నీతోని నిలవడి మాట్లాడాలె మేము. చేతులు గట్టుకోవాల్నా, వద్దా?"

"గా కుర్సీల బొట్టు పెట్టుకోనిస్తరానే?" అంది ఐలమ్మ. తన ఇంట్లో చేపకూర వండి గిన్నె పట్టుకుని వచ్చింది, ఇంకా కూర్చోనైనా లేదు.

"ఆఫీసుల పెట్టుకోవచ్చు అమ్మా."

"అయితే తీస్కో. ఇంకేం ఆలోచన?"

నవ్వారు. ప్రియాంక నవ్వలేదు. ఇది తప్పితే ఇంకోటి రాదని ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళలో ఆమె చదువు అడగని కాగితం ఇదొక్కటే వచ్చింది.

ఆమెకు అప్పగించిన పిల్ల తృప్తి. పేట్ బషీరాబాద్ నుంచి వస్తుంది. ఇంతకుముందే ఒకసారి తప్పింది, శుక్రవారం తప్పితే ఇంటికే. చురుకైన పిల్లే, కాని చేతిలో తొందర. సీసాను గట్టిగా ఊపేస్తుంది, లోపలంతా బుడగలే.

"ఏందే, మజ్జిగ చిలుకుతున్నవా? మెల్లగ తిప్పు. నీళ్ళు తిరగాలె, నురుగు రావొద్దు."

"తిప్పుతున్నగదక్కా."

"తిప్పుతున్నవ్, చూస్తలేవు. బుడగ ఎటు పోతాంది?"

"మీదికి."

"గాజు?"

"కిందికి. అక్కా, ఏదో చిట్కా ఉందంట గదా. అందరికీ చెప్తవంట."

"ఎవలన్నరు?"

తృప్తి నవ్వి తల దించుకుంది. ప్రియాంక ఇంకో సీసా చేతికిచ్చింది. ఈ పిల్లకు చెప్పకుండానే దాటించగలనన్న ధీమా ఆమెకు ఉంది. మంగళవారానికి తృప్తి ముప్పైలో ఇరవై ఐదు దాకా వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం లైను ఆగిపోయింది. పాసైన ట్రేల్లోంచి కొన్ని సీసాలు తీసి ఇంకొక చోట మళ్ళీ చూస్తారు. వాటిలో ఒకదాంట్లో గాజుముక్క దొరికింది. సరుకు కంపెనీ గేటు దాటలేదు. అయినా ఆ దఫా మొత్తం ఆపి మళ్ళీ మొదటినుంచీ చూడాలి. ట్రే ఎవరిదా అంటే స్వరూపది.

ఆ సీసాను ప్రియాంక చేతికిచ్చారు. నల్ల పలక ముందు పెట్టి ఒక్కసారి తిప్పింది. బియ్యపు నూక అంత ముక్క మెరుస్తూ కిందికి దిగింది. వెతకనక్కర్లేదు, అదే పిలుస్తున్నట్టుంది. స్వరూపను పక్కకు తీసుకుపోయింది.

"గిది ఎట్ల తప్పినవే? ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉన్నక్కా." స్వరూప నిజంగానే అయోమయంగా ఉంది. "టోపీ మంచిగనే ఉండె గదా."

"టోపీ ఏందే?"

"నువ్వే చెప్పినవ్ గదక్కా, ఖరాబుదానికి టోపీ ఎలుస్తదని. నేను మొదలు టోపీ చూస్త. ఎలిసినట్టుంటే నీళ్ళు బాగ చూస్త. లేకుంటే ఇట్ల చూసి పెట్టేస్త. గట్లయితే జల్ది అయితది."

ఆ పిల్ల గొంతులో దాపరికం లేదు. నేర్పినట్టే చేస్తున్నాను గదా అన్న అమాయకత్వం తప్ప ఏమీ లేదు. పరీక్ష డబ్బాలో టోపీలు వెలిసింది అవి పాతవి కాబట్టి. లైను మీదికి వచ్చేవన్నీ కొత్త టోపీలే, చెడ్డదైనా మంచిదైనా. ఐదేళ్ళుగా ఈ పిల్ల దీపం ముందు కూర్చుని మూతలు చూస్తోంది.

సాయంత్రం బస్సులో మరో ఇద్దరిని మాటల్లో పెట్టి అడిగింది. ఒకామె, "నీళ్ళే చూస్తక్కా, టోపీ పరీక్షకే గదా" అంది. ఇంకొకామె, "రెండు చూస్త. టోపీ ఎట్లుందో గూడ చూస్త" అంది. ప్రియాంక వేళ్ళ మీద పేర్లు లెక్కపెట్టింది. పదకొండు మందిలో ఎవరు ఏం చూస్తున్నారో ఆమెకు తెలియదు. స్టాపులో ఐలమ్మ నుదురు తడుముకుని చూపించినా ఆమె చూడలేదు.

గురువారం పొద్దున ఇషితను స్టోరు గది దగ్గర ఆపి అంతా చెప్పేసింది. ఇషిత కాసేపు తలుపు గడియతో ఆడింది.

"అక్కా, ఒక్క మాట ఇను. రేపు కానియ్యి. పోస్టు నీ చేతికి రానియ్యి. వచ్చినంక డబ్బా మార్చాలని నువ్వే రాయి, నేను సంతకం పెడ్త. ఎవరికీ ఏం గాదు. గిప్పుడు చెప్తే నీ పేరే వస్తది."

"గప్పటిదాంక?"

"ఎంత, నెల. రెండో చెకింగ్ ఉన్నది గదా. నిన్న దొరికింది గదా."

"దొరికింది మేడం. దొరకనియి ఎన్నో."

ఇషిత మాటలో తెలివి ఉంది, ప్రియాంకకు తెలుసు. తన మేలు కోరే అన్నదనీ తెలుసు. ఒక్క నెల ఊరుకుంటే కుర్చీ వస్తుంది, ఆ కుర్చీలోంచే అన్నీ సరిదిద్దవచ్చు. ఆ రోజంతా ఆ మాటనే నములుతూ సీసాలు చూసింది. విరామంలో కళ్ళు మూసుకుంటే కిందికి మెల్లగా దిగుతున్న ముక్క కనిపించింది.

శుక్రవారం పదిన్నరకు ప్రతాప్ వచ్చాడు. వెంట ఇషిత, హెచ్ఆర్ నుంచి ఒకాయన. తృప్తి స్టూలు మీద కూర్చుంది. పక్కన ప్రియాంక. పరీక్ష మొదలయ్యాక ఆమె నోరు విప్పకూడదు.

మొదటి ఇరవై ఐదు సీసాలు తృప్తి బాగానే తిప్పింది. నేర్పినట్టే, నురుగు లేకుండా. ప్రియాంక గుండె కుదుటపడింది. ఇరవై ఆరోది దగ్గర తృప్తి చెయ్యి ఆగింది. సీసాను దీపం ముందుకు తీసుకుపోయే ముందు రెప్పపాటు పైకి చూసింది. టోపీని. తరవాత నీళ్ళు చూసీ చూడకుండా చెడ్డవి వేసే ఎర్ర డబ్బాలో వేసింది. అది చెడ్డదే. ఇరవై ఏడు, పైకి చూసింది, మంచివి పెట్టే కుడి ట్రేలో పెట్టింది. ఇరవై ఎనిమిది, పైకి.

ప్రియాంక చెప్పలేదు. ఎవరు చెప్పారో చెప్పారు. ఆమె నోరు మూసుకున్నా మాట తిరుగుతూనే ఉంది. ఈ పిల్ల పాసవుతుంది, సోమవారం లైను మీద కూర్చుంటుంది, మూతలు చూస్తుంది. నేర్పినందుకు తనకు టేబుల్ వస్తుంది.

ప్రతాప్ తల ఊపుతున్నాడు. "మంచిగ తయారు చేసినవ్" అన్నాడు మెల్లగా.

ప్రియాంక లేచి నిలబడింది.

"సార్, ఆపుర్రి."

"ఏమైంది?"

"గీ డబ్బా పనికిరాదు సార్."

ఇషిత కళ్ళు నేలకు దించుకుంది. హెచ్ఆర్ ఆయన గడియారం చూసుకున్నాడు. ప్రతాప్, "ఏడేండ్ల నుంచి గిదే డబ్బా. ఇయ్యాల ఎట్ల పనికిరాకపాయె?" అన్నాడు.

మాటలతో చెబితే పొద్దు గడుస్తుందని ప్రియాంకకు అనిపించింది. చెయ్యి చాపి దీపం ఆర్పేసింది. పలకల ముందు నీడ పరుచుకుంది. సీసాల్లో నీళ్ళు కాదు గదా, సీసాల అంచులే సరిగా కనిపించడం లేదు. పక్క కిటికీ వెలుతురులో నీలం మూతలు మాత్రం కనిపిస్తున్నాయి. చూసిన సీసాలను కూడా మళ్ళీ డబ్బాలో సర్దింది. తరవాత ఏరడం మొదలుపెట్టింది. ఒక్కటీ పైకెత్తి చూడలేదు, తిప్పలేదు. వరుస మీద వేలు నడిపిస్తూ ఒకటి తీసి పక్కన పెట్టడం, ఇంకొకటి తీసి పక్కన పెట్టడం. గదిలో గాజు గాజుకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు నిమిషాలు పట్టలేదు.

"లెక్కపెట్టుర్రి సార్."

ఇషిత లెక్కపెట్టింది. ముప్పై. తాళం పెట్టెలోంచి చెడ్డవాటి జాబితా తెచ్చి సీసాల అడుగున ఉన్న నంబర్లతో సరిచూశారు. ముప్పైకి ముప్పై.

తృప్తి స్టూలు మీదే బిగుసుకుపోయింది. ప్రతాప్ వంగి మూతల వంక చూసి, "ఎన్నేండ్ల నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"ఏడేండ్లు."

"ఎందరికి చెప్పినవ్?"

"పదకొండు మందికి. పేర్లు అడగకుర్రి సార్. లైను మీద ఉన్నోళ్ళందరికి వేరే డబ్బాతోని పరీక్ష పెట్టుర్రి. మొదలు నాకు పెట్టుర్రి."

ఆ రోజు మధ్యాహ్నమే ఆమెను ఇంటికి పంపారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. తృప్తికి ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోలేదు, పాసైనట్టూ కాదు, తప్పినట్టూ కాదు. గోదాములో ఉన్న సరుకంతా తెరిచి మళ్ళీ చూశారు, ఇంకో రెండు దొరికాయి. ఇంకో ప్లాంటు నుంచి వేరే డబ్బా తెప్పించి నలభై మందికీ పరీక్ష పెట్టారు. ప్రియాంకను పిలిచి కూర్చోబెట్టినప్పుడు ఆమెకు ముప్పైలో ఇరవై తొమ్మిది వచ్చాయి. ఒక నూలుపోగు జారిపోయింది. తొమ్మిదేళ్ళలో అది మొదటిసారి. చూపు కూడా పరీక్ష చేయించాలన్నారు. కంటి ఆస్పత్రి, చుక్కలు, నల్లద్దాలు, బాలనర్సమ్మ అరుగు, ఇదంతా అప్పటిది. చూపు బాగుందని డాక్టరు రాసిచ్చిన కాగితం ఇంట్లో టీవీ పక్కన ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

నలభై మందిలో తొమ్మిది మంది తప్పారు, స్వరూప కూడా. పదిహేను రోజుల తరవాత ఇంకొక్క అవకాశం, అందాకా లైనుకు రావద్దన్నారు. మరునాడు స్వరూప గల్లీలోకి వచ్చి ప్రియాంక గుమ్మం ముందు నిలబడింది.

"నువ్వు చెప్పిందే చేసిన గదా. నువ్వు చెప్పింది చేసినందుకు నన్ను బయటికి ఏయించినవ్. నీకు కుర్సీ గావాల్సొచ్చె, మా కడుపులు గొట్టినవ్. నీ కండ్లు వోను అక్కా."

తిడుతూ కూడా అక్కా అనే అంది. శాపం మాటలో నిజం ఇంతవరకే. ప్రియాంక గుమ్మంలోనే నిలబడి అంతా విని, "అయిపోయిందా? లోపలికి రా" అంది.

"వచ్చి ఏం జెయ్యాలె?"

"నేర్చుకోవాలె. పదిహేను దినాలున్నయి."

"సీసాలు ఏడున్నయి నీకాడ?"

సీసాలు లేవు. ప్రియాంక తండ్రిని అడిగింది. భిక్షంకు కోళ్ళ ఫారం కాపలా జంగయ్యతో స్నేహం, వారానికోసారి చేపలిస్తాడు. కోళ్ళకు టీకాలు వేశాక ఖాళీ సీసాలు పారేస్తారు. ఒక గోనె సంచి నిండా వచ్చాయి. ప్రియాంక వాటిని మరిగే నీళ్ళలో వేసి కడిగింది, కాచి వడగట్టిన నీళ్ళు నింపింది. విరిగిన గాజును రోట్లో నలిపి, సూది మొనతో ఒక్కో నలుసు తీసి కొన్నిటిలో వేసింది. తండ్రి వల పోగు చీల్చి, వెంట్రుక కంటే సన్నం చేసి, కొన్నిటిలో వేసింది. పెనం అడుగు మసి గీకి ఇంకొన్నిటిలో. రబ్బరు బిరడాలన్నీ ఒకేపూట బిగించింది. సీసాలన్నీ కలిపేసి, చెడ్డవాటి గుర్తులు తనకు మాత్రమే తెలిసేలా బిడ్డ నోటుబుక్కు వెనక రాసి పెట్టుకుంది. మొదటి డబ్బా నచ్చలేదు, నలుసులు మరీ పెద్దవయ్యాయి. పారబోసి మళ్ళీ చేసింది. మూడోసారి కుదిరింది. అన్నం పొయ్యి మీద మాడిన వాసన వస్తే గాని ఎంతసేపైందో తెలియలేదు. పని చేస్తూ పొద్దు మరిచిపోయి చాలా ఏళ్ళయిందని అప్పుడు తోచింది.

"కంపెనీ ఎల్లగొడితే గిక్కడ ఒక కంపెనీ పెట్టినవా?" అన్నాడు శ్రీశైలం, మంచం కింద సీసాలు కాలికి తగిలి.

"తొక్కకు. ఒక్కటి పోతే లెక్క తప్పుతది."

రోజూ పొద్దున స్వరూప వచ్చేది. తరవాత ఇంకా నలుగురు వచ్చారు. కిటికీ దగ్గర, బిడ్డ నల్ల పలక ఒకవైపు, తెల్ల కాగితం ఒకవైపు. బయటినుంచి చూసిన గల్లీవాళ్ళు ప్రియాంక కళ్ళకు ఆ పిల్లలు ఏదో మందు చేస్తున్నారనుకున్నారు. నాలుగో రోజు స్వరూప వల పోగును పట్టుకుంది. చెడ్డవాటితో ఎడమవైపు పెట్టి ఇంకోటి తీసుకుంది. మలి పరీక్షలో తొమ్మిది మందిలో ఆరుగురు గట్టెక్కారు. స్వరూప ఆ ఆరుగురిలో ఉంది. మిగిలిన ముగ్గురూ ప్రియాంక దగ్గరికి రానివాళ్ళు. వాళ్ళ ఊసు ఎత్తితే ప్రియాంక ఇప్పటికీ మాట మారుస్తుంది.

పోయిన మంగళవారం ప్రతాప్ పిలిపించాడు. గదిలో ఇషిత కూడా ఉంది. ప్రియాంకను కూర్చోమన్నారు. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నిన్ను తీసెయ్యాలన్నోళ్ళు ఉన్నరు," అన్నాడు ప్రతాప్. "ఏడేండ్లు చెప్పకపోతివి. చెప్పిన ఒక్కనాడు గూడ పరీక్ష నడుమల చెప్తివి. ఒక్క దినం ముందు చెప్తే ఏం పోయేది?"

"సార్, నాకు గురువారమే చెప్పింది," అంది ఇషిత. "నేనే ఆగుమన్న."

ప్రతాప్ ఆమె వైపు చూశాడు. ప్రియాంక కూడా చూసింది. ఆ పిల్ల పేరు తన నోట రానివ్వకూడదని ఇన్నాళ్ళూ దాచింది.

"మీ సంగతి తర్వాత మాట్లాడుదాం," అని ఆయన మళ్ళీ ప్రియాంక వైపు తిరిగాడు. "తీసేస్తలేము. గానీ ట్రైనర్ పోస్టు ఇయ్యలేను. పదకొండు మందికి దొంగతోవ చూపిన మనిషిని ట్రైనర్ అని ఎట్ల రాస్త? పైనోళ్ళకు ఏం చెప్త? రేపటి సంది లైనుకు రా. నీ స్టూలు నీకు ఉన్నది."

ప్రియాంక తల ఊపింది. లేవబోయింది.

"ఆగు. ఇంట్ల సీసాలు చేసినవంట గదా. స్వరూప చెప్పింది." ఆయన పెన్ను కింద పెట్టాడు. "తొమ్మిదేండ్ల నుంచి ఉన్నవ్. నేనైతే ఒక్కనాడు అడగలే. అసలు నీకేం గావాలె?"

బస్సు కిటికీకి తల ఆనించి ఆమె తనను తాను అడిగిన మాట అదే. ఈసారి ఆలోచించాల్సి రాలేదు. కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి సరిగా కూర్చుంది.

"పరీక్ష డబ్బాలు చేసే పని గావాలె సార్. ట్రైనర్ పేరు వద్దు. ఖరాబువి ఏరుడు, మంచివి గలుపుడు, టోపీలన్ని ఒక్కపూట బిగించుడు, మూన్నెల్లకోపారి పాతది పారేసి కొత్తది చేసుడు. నేను చేసిన డబ్బాతోని నాకు పరీక్ష పెట్టొద్దు, జవాబులు నాకు తెలుసు. నన్ను పరీక్షించేటందుకు ఇంకొకరిని తయారు చేస్త. స్వరూపనే చేస్త. గసొంటి పనికి ఈ కంపెనీల పేరు లేదని నాకు ఎరుకనే. పేరు మీరు పెట్టుర్రి. పెట్టేదాంక స్టూలు మీదనే కూసుంట. గానీ ఇగ ఊకె కూసోను సార్, నెలకోపారి వచ్చి అడుగుత."